చిట్టాలో వరుస ఎవరి చేతిలో ఉంది? బిట్‌కాయిన్ మైనింగ్ పూల్స్ ఎంపిక, ‘గొలుసు తటస్థత’ భావన: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

బిట్‌కాయిన్ చిట్టాలో ఏ లావాదేవీ ముందు చేరాలి, ఏది వేచి ఉండాలి అన్న నిర్ణయం సిద్ధాంతరీత్యా మైనింగ్‌లో పాల్గొనే ప్రతి ఒక్కరిదీ. ఆచరణలో అది కొద్దిమంది పూల్ నిర్వాహకులది. ఈ ఎంపిక తీరును గణాంకాలతో పరీక్షించి, ‘గొలుసు తటస్థత’ అనే ఆదర్శాన్ని ప్రతిపాదించిన 2021 నాటి పరిశోధన వ్యాసాన్ని ప్రస్తుత వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. రహస్య రుసుములను బయటపెట్టడంలో ఆ వ్యాసం కృతకృత్యమైనదని అంగీకరిస్తూనే, రుసుము వరుసనే తటస్థతకు ప్రమాణంగా తీసుకోవడంలోని లోపాన్ని ఇది చర్చిస్తుంది. పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి అనుభవం ఈ చర్చకు ఆధారంగా నిలుస్తుంది. చిట్టా అందరికీ కనబడినంత మాత్రాన దానిని రాసే చేయి జవాబుదారీ కాజాలదని, వరుసతోపాటు వరుసకు కారణం కూడా కనబడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బిట్‌కాయిన్, మైనింగ్ పూల్, లావాదేవీల ఎంపిక, రుసుము రేటు, గొలుసు తటస్థత, జవాబుదారీతనం, పాశమైలారం, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల పరిసరాలలో తిరిగేవారికి వ్యర్థజలాలు మోసుకుపోయే ట్యాంకర్లు కొత్త కాదు. కర్మాగారాల నుండి బయలుదేరిన ఆ నీరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అక్కడ నమూనా తీసి, నిర్దేశించిన కొలమానాలతో పరీక్షించి, లోపలికి అనుమతిస్తారు. ఆపైన అది ఇతర కర్మాగారాల నీటితో కలిసిపోతుంది. ఒకసారి కలిసిన తరువాత ఏ చుక్క ఎక్కడి నుండి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ప్రాంతపు పర్యావరణ చరిత్ర మన ముందు మూడు ప్రశ్నలు నిలిపింది. ద్వారం వద్ద దేనిని కొలుస్తారు? కొలత పరిధిలోకి రానిది ఏమవుతుంది? అందరిదీ కలిసిపోయిన తరువాత బాధ్యత ఎవరిది?

క్రిప్టోకరెన్సీ మైనింగ్ పూల్స్ గురించిన వ్యాసంలో ఈ ప్రస్తావన అసందర్భంగా తోచవచ్చు. కాని ‘పూల్’ అంటేనే అనేకుల శక్తిని ఒకచోట కలిపి, నిర్ణయాధికారాన్ని ఒకరికి అప్పగించే ఏర్పాటు. పైన పేర్కొన్న మూడు ప్రశ్నలూ అక్కడా యథాతథంగా వర్తిస్తాయి. బ్లాక్‌చెయిన్ గురించి సాగుతున్న చర్చలో ఒక వాదం తరచుగా వినిపిస్తుంది: ఈ చిట్టాకు పట్వారీ లేడు, కనుక పక్షపాతానికి తావు లేదు అని. తెలంగాణ పల్లెలో పహాణీలో ఎవరి పేరు ఎక్కాలో నిర్ణయించిన కలం ఎంత బలమైనదో తెలిసిన సమాజానికి ఈ వాదం సహజంగానే ఆకర్షణీయం. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ జ్ఞాపకం మాత్రం పోలేదు. అయితే బిట్‌కాయిన్ చిట్టాకు నిజంగా రాసేవాడు లేడా? ఉంటే అతడు ఏ నియమంతో రాస్తాడు? ఆ నియమాన్ని తప్పినప్పుడు మనకు తెలుస్తుందా?

ఈ ప్రశ్నలను ప్రయోగాత్మకంగా పరీక్షించిన రచనలలో ముఖ్యమైనది 2021లో ఇంటర్నెట్ కొలతలపై జరిగే అంతర్జాతీయ సదస్సులో వెలువడిన వ్యాసం. జొనాటన్ మెసియాస్ ప్రధాన రచయితగా ఆరుగురు రాసిన ఈ వ్యాసంలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ సంస్థకు చెందిన కృష్ణ పి. గుమ్మడి ఒక రచయిత. బిట్‌కాయిన్‌లో లావాదేవీల వరుస స్వార్థపూరితంగా, అపారదర్శకంగా మారుతున్నదని, అందువల్ల ‘గొలుసు తటస్థత’ అవసరమని దాని సారాంశం. ప్రస్తుత పరిశీలనకు ఆ వ్యాసమే కేంద్రం.

2. ఎంపిక జరిగే తీరు:

2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో పేరుతో వెలువడిన బిట్‌కాయిన్ ప్రణాళిక పత్రం, లావాదేవీలను కాలానుక్రమంలో నమోదు చేసే బహిరంగ చిట్టాను ప్రతిపాదించింది. 2009 జనవరి 3న తొలి బ్లాకు ఏర్పడింది. సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు చిట్టాకు చేరుతుంది. ఒక్కో బ్లాకుకు 40 లక్షల యూనిట్ల బరువు పరిమితి ఉంది. ఎవరైనా లావాదేవీ పంపినప్పుడు అది నేరుగా చిట్టాలో చేరదు. ముందుగా నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్ తన వద్ద ఉంచుకునే నిరీక్షణ జాబితాలో చేరుతుంది. అందరికీ కలిపి ఒకే నిరీక్షణ జాబితా లేదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. ఎవరి కంప్యూటర్‌కు ఏ లావాదేవీ ఎప్పుడు అందిందో, ఏది అందలేదో దానిని బట్టి ఎవరి జాబితా వారిది.

ఈ జాబితా నుండి కొన్ని లావాదేవీలను ఎంచి బ్లాకుకు ముసాయిదా తయారు చేస్తారు. విస్తృతంగా వాడుకలో ఉన్న బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ ఇందుకు ఒక సాధారణ పద్ధతిని అందిస్తుంది. లావాదేవీ ఎంత డబ్బును తరలిస్తున్నదో చూడదు. అది బ్లాకులో ఆక్రమించే స్థలానికి యూనిట్ ఒక్కింటికి ఎంత రుసుము చెల్లిస్తున్నదో చూస్తుంది. ఈ నిష్పత్తినే రుసుము రేటు అంటారు. ఎక్కువ రేటు గలవి ముందు, తక్కువవి వెనుక. ఒక లావాదేవీ ఇంకా నమోదు కాని మరొక లావాదేవీపై ఆధారపడి ఉంటే రెండింటినీ జతగా లెక్కిస్తుంది. అందువల్ల తక్కువ రుసుముతో చిక్కుకుపోయిన లావాదేవీని, దానిపై ఆధారపడిన మరొకదానికి ఎక్కువ రుసుము చెల్లించి బయటకు లాగవచ్చు.

ఈ పద్ధతి ప్రకృతి సూత్రం కాదు. తొలినాళ్లలో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ బ్లాకులో కొంత స్థలాన్ని మరొక ప్రమాణంతో నింపేది. ఖర్చు చేయబోయే నాణేల విలువను, అవి కదలకుండా ఉన్న కాలంతో గుణించి, లావాదేవీ పరిమాణంతో భాగించి ప్రాధాన్యం నిర్ణయించేవారు. రుసుము లేకున్నా, పాత నాణేలకు అక్కడ చోటు దొరికేది. 2016లో ఆ స్థలాన్ని అప్రమేయంగా సున్నాకు తగ్గించారు; 2017లో ఆ పద్ధతినే తొలగించారు. ఆ పాత నియమం నిష్పక్షపాతమైనదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది పెద్ద మొత్తాలకే అనుకూలం. కాని నియమం మారగలదన్నది, మార్చింది మనుషులేనన్నది ఈ చరిత్ర వల్ల స్పష్టమవుతుంది. ఈ అంశం తరువాతి చర్చలో కీలకం.

3. పూల్: శక్తి అనేకులది, ముసాయిదా ఒకరిది:

ఒంటరిగా మైనింగ్ చేసేవారికి బ్లాకు దొరకడం లాటరీ వంటిది. ఏళ్ల తరబడి ఏమీ రాకపోవచ్చు. ఈ అనిశ్చితిని తగ్గించుకోవడానికే పూల్స్ పుట్టాయి. 2010 చివరలో మొదలైన స్లష్‌పూల్ వీటిలో మొదటిది. సభ్యులు తమ యంత్రాల గణన శక్తిని అందిస్తారు. ఎవరికి బ్లాకు దొరికినా ప్రతిఫలాన్ని పని మేరకు పంచుకుంటారు. ఊళ్లలో చీటీ కట్టేవారికి ఈ తర్కం సులభంగానే అర్థమవుతుంది: నష్టభయాన్ని పంచుకోవడం కోసం నిర్వహణను ఒకరికి అప్పగించడం.

అయితే చీటీలో సభ్యుడికి పాట కనబడుతుంది. పూల్ సభ్యుడికి ముసాయిదా కనబడదు. సంప్రదాయ విధానంలో ఏ లావాదేవీలు బ్లాకులో ఉండాలో నిర్వాహకుడే తేల్చి, వాటి సారాంశ ముద్రను మాత్రమే సభ్యుల యంత్రాలకు పంపుతాడు. యంత్రం ఆ ముద్రపై లెక్కలు కడుతుంది. లోపల ఏమున్నదో, ఏది లేకుండా పోయిందో దానికి తెలియదు. ఇటీవలి సంవత్సరాలలో ఫౌండ్రీ యుఎస్‌ఏ, యాంట్‌పూల్ అనే రెండు పూల్స్ కలిసి బ్లాకులలో దాదాపు సగం వరకు తయారు చేస్తున్నాయి. వేరువేరు పేర్లతో ఉన్న కొన్ని చిన్న పూల్స్ ఒకే ముసాయిదాను వాడుతున్నట్లు 2024లో స్వతంత్ర పరిశీలకులు గుర్తించారు. పేర్లు అనేకం, కలం ఒకటి అన్న మాట.

సభ్యుడికి తెలియని సభ్యత్వానికి తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన సంచాలకుల వెబ్‌సైటు, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లలో రహస్య మైనింగ్ కోడ్ ఉన్నట్లు భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. సైటు తెరిచిన పౌరుడి కంప్యూటర్ అతనికి తెలియకుండానే మైనింగ్ పనిలో చేరిపోయేది. ఆ కాలంలో ఇటువంటి కోడ్‌ను విరివిగా సరఫరా చేసిన కాయిన్‌హైవ్ మొనెరో అనే నాణెం కోసం పూల్ పద్ధతిలో పనిచేసేది. 2019 మార్చిలో మూతపడింది. పురపాలక సేవ కోసం వచ్చిన మనిషి, ఎవరో రాసే చిట్టాకు తన విద్యుత్తుతో సిరా అందించాడు. ఆ చిట్టాలో ఏమి రాశారో అడిగే స్థితిలో అతడు లేడు. ఇది నేరపూరితమైన ఉదాహరణ. చట్టబద్ధమైన పూల్‌లో సభ్యుడు ఇష్టపూర్వకంగానే చేరుతాడు. కాని ముసాయిదా విషయంలో ఇద్దరి అజ్ఞానం ఒకే రకమైనది.

4. 2021 వ్యాసం: పద్ధతి, ఫలితాలు:

మెసియాస్ బృందం ముందుగా మూడు ఆచార నియమాలను గుర్తించింది. బ్లాకులోకి తీసుకునేటప్పుడు రుసుము రేటును బట్టి ఎంచడం, బ్లాకు లోపల అదే రేటు వరుసలో అమర్చడం, కనీస రేటు లేనివాటిని విస్మరించడం. ఇవి బిట్‌కాయిన్ ఒప్పంద నియమాలలో భాగం కావు. తప్పినా బ్లాకు చెల్లుతుంది. వాడుకరులు మాత్రం ఇవి పాటింపబడుతున్నాయనే నమ్మకంతోనే తమ రుసుము నిర్ణయించుకుంటారు. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో చూడడమే వ్యాస లక్ష్యం.

ఇందుకు వారు తమ సొంత కంప్యూటర్లలో నిరీక్షణ జాబితాలను నమోదు చేశారు. 2020 సంవత్సరమంతటి 53 వేలకు పైగా బ్లాకులను, 11 కోట్లకు పైగా లావాదేవీలను పరిశీలించారు. రుసుము రేటు ప్రకారం ఉండవలసిన స్థానానికి, బ్లాకులో వాస్తవంగా లభించిన స్థానానికి మధ్య తేడాను కొలిచారు. స్థూలంగా చూస్తే నియమం పాటింపబడుతున్నది. కాని మినహాయింపులు యాదృచ్ఛికం కావని తేలింది. పూల్స్ తమ ప్రతిఫలం అందుకునే చిరునామాలు బహిరంగమే కనుక వాటితో సంబంధం గల లావాదేవీలను వేరు చేసి చూడగా, ఎఫ్‌2పూల్, వయాబీటీసీ, స్లష్‌పూల్ వంటివి తమ సొంత లావాదేవీలను తక్కువ రుసుము ఉన్నా ముందుకు జరిపినట్లు గణాంక పరీక్షలలో వెల్లడైంది. వయాబీటీసీ మరికొన్ని పూల్స్ లావాదేవీలకు కూడా ఇటువంటి సహాయం చేసింది.

మరింత గంభీరమైనది రహస్య రుసుము. కొన్ని పూల్స్ ‘వేగవర్ధక’ సేవలు నడుపుతాయి. వాడుకరి చిట్టాకు వెలుపల నేరుగా పూల్‌కు డబ్బు చెల్లిస్తాడు. పూల్ అతని లావాదేవీని ముందు వరుసలో పెడుతుంది. చిట్టాలో కనబడే రుసుము స్వల్పం. అసలు రుసుము ఎక్కడా కనబడదు. ఇదే పరిశోధక బృందం వయాబీటీసీకి చెల్లించి కొన్ని లావాదేవీలను వేగిరపరిపించి చూడగా, వాటిని ఇతర పూల్స్ కూడా ముందుకు తీసినట్లు బయటపడింది. ఒక కౌంటర్‌లో కట్టిన సొమ్ముకు పక్క కౌంటర్‌లో పని జరిగిందంటే, వెనుక గదిలో ఏదో ఒప్పందం ఉన్నట్లే.

మోసపూరిత లావాదేవీల విషయంలో వారికి లభించిన ఫలితం ఆలోచింపజేసేది. 2020 జులైలో ప్రముఖుల ట్విట్టర్ ఖాతాలను వశపరచుకొని సాగించిన బిట్‌కాయిన్ మోసానికి సంబంధించిన చెల్లింపులను పూల్స్ ఆలస్యం చేసినట్లు గాని, తిరస్కరించినట్లు గాని ఆధారం దొరకలేదు. సొంత ప్రయోజనం కోసం వరుస తప్పించగల చేయి, మోసాన్ని ఆపడానికి మాత్రం కదలలేదు.

ఈ ఫలితాల ఆధారంగా రచయితలు ఇంటర్నెట్ తటస్థత చర్చను గుర్తుచేస్తూ ‘గొలుసు తటస్థత’ను కోరారు. పద్ధతి రీత్యా ఈ వ్యాసం ఆదర్శప్రాయం. ఊహలతో సాగుతున్న చర్చను కొలతల మీదికి తెచ్చింది. తాము చూసిన నిరీక్షణ జాబితాకు, పూల్స్ చూసిన జాబితాకు తేడా ఉండవచ్చన్న అభ్యంతరాన్ని ఊహించి, అందుకు తగిన జాగ్రత్తలు తీసుకుంది.

5. రుసుము వరుస తటస్థమేనా?

విమర్శ ఇక్కడ మొదలవుతుంది. వ్యాసంలో తటస్థత నుండి తప్పడం అంటే రుసుము వరుస నుండి తప్పడమే. కొలిచేందుకు ఒక ప్రమాణం కావాలి కనుక ఈ ఎంపిక అర్థవంతమే. కాని కొలతకు అనువైన ప్రమాణం క్రమంగా న్యాయప్రమాణంగా మారిపోయింది. రుసుము వరుస పాటింపబడితే చాలు, అంతా సవ్యమేనన్న ధ్వని వ్యాసంలో అంతర్లీనంగా ఉంది.

ఒక లెక్క చూద్దాం. పాశమైలారంలో పనిచేసే వలస కార్మికుడు తన ఊరికి 5,000 రూపాయలు పంపుతున్నాడని, ఒక వ్యాపారి 5 కోట్ల రూపాయలు తరలిస్తున్నాడని, ఇద్దరూ బిట్‌కాయిన్‌నే వాడుతున్నారని ఊహిద్దాం. సాధారణ లావాదేవీ ఒకటి సుమారు 141 యూనిట్ల స్థలం తీసుకుంటుంది. రద్దీ వేళ యూనిట్‌కు 100 సతోషీల రేటు పలికితే రుసుము 14,100 సతోషీలు. పది కోట్ల సతోషీలు ఒక బిట్‌కాయిన్. బిట్‌కాయిన్ ధర 50 లక్షల రూపాయలనుకుంటే ఈ రుసుము 705 రూపాయలు. కార్మికుడికి అది పంపే సొమ్ములో 14 శాతం. వ్యాపారికి లెక్కలోకి రానిది. బ్లాకు దృష్టిలో ఇద్దరూ సమానమే, ఎందుకంటే బ్లాకు స్థలాన్ని మాత్రమే చూస్తుంది. కాని ఇద్దరిలో ఎవరు వెనక్కి తగ్గుతారో చెప్పనవసరం లేదు.

ఇది కేవలం ఊహ కాదు. 2024 ఏప్రిల్ 20న 8,40,000వ బ్లాకుతో మైనింగ్ ప్రతిఫలం 3.125 బిట్‌కాయిన్లకు తగ్గినప్పుడు, అదే రోజు మొదలైన కొత్త టోకెన్ల పోటీ వల్ల సగటు రుసుము 100 డాలర్లను మించింది. ఆ రోజు చిన్న మొత్తాలు పంపదలచినవారికి చిట్టా ద్వారం మూసుకున్నట్లే. ఎవరూ నియమం తప్పలేదు; 2021 వ్యాసపు కొలమానం ప్రకారం తటస్థతకు ఏ భంగమూ కలగలేదు.

దీనికి ఒక సమాధానం ఉన్నది. స్థలం పరిమితం, అందరికీ చోటు లేదు, కనుక ఏదో ఒక ప్రమాణంతో వడపోయక తప్పదు. వేలం కంటే మెరుగైన ప్రమాణం ఏది? ఈ వాదంలో బలం ఉంది. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిని అమలు చేయడం కష్టం, ఎందుకంటే ఎవరు ముందు వచ్చారో అందరూ అంగీకరించే గడియారం లేదు. రుసుము అక్కరలేకుంటే చెత్త లావాదేవీలతో జాబితాను నింపడం సులభమవుతుంది. కనుక రుసుము వరుసను తొలగించాలన్నది నా వాదం కాదు. దానిని తటస్థమని పిలవడం సరికాదన్నదే నా అభ్యంతరం. అది ఒక ఎంపిక. దాని వల్ల కొందరికి మేలు, కొందరికి కీడు. తటస్థమన్న పేరు పెట్టగానే ఆ మేలు కీడుల చర్చ ఆగిపోతుంది.

6. చేరనివాటి సంగతి:

తప్పు వరుసలో చేరిన లావాదేవీ ఆనవాలు మిగుల్చుతుంది. చేరని లావాదేవీ ఏ ఆనవాలూ మిగల్చదు. బ్లాకులో ఉన్నవాటి స్థానాలను కొలిచే పద్ధతికి ఇది ప్రధాన పరిమితి.

తిరస్కరణ చరిత్రలో రెండు ఘట్టాలు గమనించదగినవి. 2021 మేలో అమెరికాకు చెందిన మారథాన్ సంస్థ, అమెరికా ఆంక్షల జాబితాలోని చిరునామాలను వడపోసిన బ్లాకును తయారు చేసినట్లు బహిరంగంగా ప్రకటించింది. విమర్శలు రావడంతో ఆ నెలాఖరుకు విరమించుకుంది. 2023 నవంబరులో ఒక స్వతంత్ర పరిశీలకుడు, ఆంక్షల జాబితాకు సంబంధించిన కొన్ని లావాదేవీలు ఎఫ్‌2పూల్ బ్లాకులలో ఉండవలసి ఉండగా లేవని చూపాడు. పూల్ సహవ్యవస్థాపకుడు వడపోతను అంగీకరించి, తాత్కాలికంగా నిలిపివేస్తున్నట్లు ప్రకటించాడు. మారథాన్ చెప్పి చేసింది, ఎఫ్‌2పూల్ చెప్పకుండా చేసింది. మొదటిదానితో వాదించే అవకాశం లోకానికి వెంటనే దొరికింది. రెండవదాని విషయంలో ఎవరో ఒకరు ఓపికగా లోటును లెక్కించవలసి వచ్చింది.

ఒక పూల్ తిరస్కరించినా మరొక పూల్ స్వీకరించవచ్చు కదా అన్నది ఇక్కడ సాధారణంగా వచ్చే సమాధానం. గణితం దీనిని కొంతవరకు సమర్థిస్తుంది. గణన శక్తిలో సగం గల పూల్స్ తిరస్కరిస్తే నిరీక్షణ సగటున పది నిమిషాల నుండి ఇరవైకి పెరుగుతుంది, అంతే. పది భాగాలలో తొమ్మిది భాగాలు తిరస్కరిస్తే సగటు నిరీక్షణ వంద నిమిషాలు. సగానికి మించిన శక్తి గలవారు ఒక్కటై, ఆ లావాదేవీ ఉన్న బ్లాకునే గుర్తించబోమంటే మాత్రం అది ఎన్నటికీ చేరదు. అంటే రక్షణ నియమంలో లేదు. కలాల సంఖ్యలో ఉంది. రెండు పూల్స్ దాదాపు సగం రాస్తున్న కాలంలో ఆ రక్షణ ఎంత పలుచనో గ్రహించవచ్చు.

అలాగని వడపోత ఎల్లవేళలా అన్యాయమని కూడా అనలేము. 2017 మే 12న మొదలైన వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని స్తంభించాయి. తెరపై కనబడిన డిమాండ్ 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్. సొమ్ము పంపవలసిన చిరునామాలు లోకమంతటికీ తెలుసు. ప్రపంచంలో ఎక్కడెక్కడి బాధితులో చెల్లించిన సొమ్ము ఆ చిరునామాలకు చేరింది. చిట్టాలో ఆ నమోదులు నేటికీ చూడవచ్చు. వాటిని ఆపివుంటే దోపిడీదారుకు నష్టమే. తన ఫైళ్లు తిరిగి దక్కుతాయని ఆశతో చెల్లించిన బాధితుడికి కూడా అదే నష్టం. ఎవరి పక్షాన ఆపాలి? ఈ ప్రశ్నకు పూల్ నిర్వాహకుడు తన గదిలో ఒంటరిగా సమాధానం తేల్చడమే అసలు సమస్య. ఆపినా, ఆపకపోయినా, నిర్ణయమైతే జరిగింది. దానికి కారణం మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

7. పటాన్‌చెరు నేర్పిన పాఠం:

ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన మూడు ప్రశ్నలను ఇప్పుడు తిరిగి చూద్దాం. 2007లో జోకిం లార్సన్, ఇద్దరు సహపరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థజలాలు చేరే ఆ కేంద్రం విడిచే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. రోగికి మందు ఇచ్చినప్పుడు రక్తంలో ఉండే సాంద్రత కంటే ఇది ఎక్కువ. ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు సాగే నీటి సంగతి ఇది.

ఇక్కడ గమనించవలసినది కొలమానాల తీరు. ఆమ్లత, కరిగిన లవణాలు, ఆక్సిజన్ అవసరం వంటివి కొలమానాలలో ఉన్నాయి, యాంటీబయాటిక్ లేదు. ఉన్న కొలమానాలన్నింటినీ పాటించినా, లేని కొలమానం గుండా హాని సాగిపోగలదు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ ముసాయిదా వెలువరించింది. 2021 ఆగస్టు నాటి తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. కొలమానాల పట్టికలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించడమే అసలైన అధికారమని ఈ ప్రాంతం అనుభవపూర్వకంగా తెలుసుకుంది.

రెండవ పాఠం బాధ్యతకు సంబంధించినది. ఉమ్మడి కేంద్రం బయటకు వదిలిన నీటికి కేంద్రం జవాబు చెప్పాలి. కేంద్రంలోకి పంపినవారు ‘మేము కేంద్రానికే ఇచ్చాము’ అనగలరు. కేంద్రం ‘వచ్చినది మాత్రమే శుద్ధి చేశాము’ అనగలదు. మైనింగ్ సభ్యుడు, పూల్ నిర్వాహకుడు, సాఫ్ట్‌వేర్ రూపకర్త కూడా ఇలాగే ఒకరినొకరు చూపుకోగలరు. సభ్యుడు శక్తి మాత్రమే ఇచ్చాడు. నిర్వాహకుడు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరుసను అనుసరించాడు. రూపకర్త సూచన మాత్రమే చేశాడు. ఉమ్మడితనం నష్టభయాన్ని పంచినట్లే బాధ్యతను కూడా పంచి, చివరకు ఎవరి వంతుకూ రాకుండా చేస్తుంది.

ఈ పోలికకు హద్దు ఉంది. కలుషిత జలం నేలను, శరీరాన్ని నేరుగా తాకుతుంది. ఆలస్యమైన లావాదేవీ అలా తాకదు. శుద్ధి కేంద్రంపై న్యాయస్థానాల, కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షణ ఉంది. పూల్స్‌పై అటువంటి వ్యవస్థ లేదు. హాని పరిమాణంలో రెండూ సమానమని ఈ వ్యాసం అనదు. ద్వారం వద్ద నిలిచిన కొలమానం తటస్థంగా కనబడుతూనే ఎలా పక్షం వహించగలదో చూపడానికే ఈ పోలిక పరిమితం.

8. ప్రతిపాదిత పరిష్కారాలు:

సాంకేతిక రంగంలో ఈ సమస్యకు ఒక సమాధానం రూపొందుతున్నది. స్ట్రాటమ్ వి2 అనే ప్రమాణం ద్వారా పూల్ సభ్యుడు తన ముసాయిదాను తానే తయారు చేసుకొని, ప్రతిఫలాన్ని మాత్రం పూల్ ద్వారా పంచుకోవచ్చు. కలం తిరిగి సభ్యుల చేతికి వస్తుంది. 2023 చివరలో మొదలైన ఓషన్ పూల్ అనుభవం కూడా ప్రస్తావించదగినది. అదనపు సమాచారం మోసే లావాదేవీలను చిట్టా దుర్వినియోగంగా భావించి అది వడపోయగా, గోప్యత కోసం వాడే కొన్ని లావాదేవీలు కూడా ఆ వడపోతలో చిక్కుకున్నాయి. వివాదం తరువాత ఆ పూల్ సభ్యులకు ఒకటి కంటే ఎక్కువ ముసాయిదాలలో ఎంచుకునే వీలు కల్పించింది. 2024లో సభ్యులే ముసాయిదా తయారు చేసే తన సొంత పద్ధతిని ప్రవేశపెట్టింది. ఓషన్ వడపోతతో ఏకీభవించనివారు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. దాని నియమం బహిరంగం. అందుకే దానితో వాదించడం సాధ్యమైంది.

అయితే కలాల సంఖ్య పెరిగినంత మాత్రాన సమస్య తీరదు. ప్రతి సభ్యుడూ అదే సాఫ్ట్‌వేర్‌ను, అదే అప్రమేయ నియమంతో వాడితే చేతులు అనేకమైనా రాత ఒకటే. అంతేకాక సభ్యుడు వ్యాపారి. రహస్య రుసుము ఎక్కువ లాభం తెస్తే దానినే ఎంచుకుంటాడు. 2023 సెప్టెంబరులో ఒక సంస్థ పొరపాటున చిన్న బదిలీకి 19 బిట్‌కాయిన్లకు పైగా రుసుము చెల్లించగా, ఆ బ్లాకును పొందిన ఎఫ్‌2పూల్ దానిని తిరిగి ఇచ్చింది. మంచి పనే. కాని తిరిగి ఇవ్వవలసిన నియమం ఏదీ లేదు. అది ఔదార్యం మాత్రమే. సామాన్యుడు ఇటువంటి పొరపాటు చేస్తే ఆ ఔదార్యం లభిస్తుందన్న హామీ ఎక్కడుంది?

కనుక తటస్థత అనే పదానికి బదులు, కారణం తెలిపే బాధ్యత అనే ప్రమాణాన్ని ఈ వ్యాసం సూచిస్తుంది. దీనికి మూడు అంగాలు. పూల్ తాను పాటించే ఎంపిక నియమాన్ని ముందుగా ప్రకటించాలి. చిట్టాకు వెలుపల అందుకున్న రుసుమును ఆ తరువాతనైనా వెల్లడించాలి. వడపోత జాబితా ఉంటే, అది ఎవరి ఆదేశంతో ఏర్పడిందో చెప్పాలి. ఈ మూడింటిని ప్రకటించిన తరువాత, అవి పాటింపబడుతున్నాయో లేదో పరీక్షించడానికి 2021 వ్యాసపు కొలత పద్ధతి చక్కగా ఉపకరిస్తుంది. అప్పుడు ఆ పద్ధతి రుసుము వరుసను ఆదర్శంగా నిలబెట్టదు. పూల్ తన మాట మీద నిలబడిందా లేదా అని చూస్తుంది.

9. ముగింపు:

బిట్‌కాయిన్ చిట్టాకు పట్వారీ లేడన్న మాట సగమే నిజం. భూమి లేదు, శిస్తు లేదు, వారసత్వ పదవి లేదు. కాని పేరు ఎక్కించే కలం ఉంది; అది కొద్దిమంది చేతులలో ఉంది. ఆ కలం సాధారణంగా రుసుము వరుసను పాటిస్తుందని, సొంత ప్రయోజనం ఉన్నచోట తప్పుతుందని మెసియాస్, గుమ్మడి తదితరుల పరిశోధన నిరూపించింది. వారి కృషికి ఈ రంగంలోని ప్రతి అధ్యయనమూ రుణపడి ఉంటుంది. కాని రుసుము వరుసను పాటించడమే తటస్థతగా వారు నిలిపిన చోట, ఆ వరుస ఎవరిని వెనక్కి నెడుతున్నదన్న ప్రశ్న మరుగున పడింది.

పాత పహాణీని రైతు చూడలేకపోవడం ఒక అన్యాయం. కొత్త చిట్టాను ఎవరైనా చూడవచ్చు. కాని అందులో తన లావాదేవీ ఎందుకు ఆలస్యమైందో, ఎందుకు చేరలేదో తెలుసుకునే మార్గం సామాన్యుడికి ఇప్పటికీ లేదు. కనబడే నమోదును పారదర్శకతగా పొరబడటం వల్ల ఏమి జరుగుతుందో నక్కవాగు ఒడ్డున బతికేవారికి ఒకరు చెప్పనక్కరలేదు. పరీక్ష నివేదికలో అన్ని అంకెలూ సరిగ్గానే ఉన్న రోజున కూడా వాగు వాసన వారికి తెలుసు. బ్లాక్‌చెయిన్‌పై తెలుగులో రాబోయే పరిశోధనలు చిట్టాలో ఉన్నవాటిని లెక్కించడంతోపాటు, కొలమానాన్ని ఎవరు నిర్ణయించారు, దాని వెలుపల మిగిలినవారు ఎవరు అన్న ప్రశ్నలను కూడా చేపట్టవలసిన అవసరం ఉంది.